ఎమ్మెస్సీ నర్సింగ్: ఎవరికి, ఎంతకి?

బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి రెండు మూడేళ్లు వార్డులో పనిచేస్తే చాలు, ఇంట్లోనో డ్యూటీ రూమ్‌లోనో ఎవరో ఒకరు అడుగుతారు: "ఎమ్మెస్సీ ఎందుకు చేయకూడదు?" అడగడం తేలికే. జవాబు వెతకడానికి కూర్చుంటే మాత్రం అందరూ మొదట చూసేది కాలేజీల ఫీజుల పట్టికే. నిజానికి అది మూడోదిగా చూడాల్సిన కాగితం. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండు: ఈ డిగ్రీతో ఏ ఉద్యోగానికి వెళ్లాలనుకుంటున్నారు, చదివే రెండేళ్లలో మొత్తంగా చేతి నుంచి ఎంత పోతుంది.

ఏ ఉద్యోగానికి అవసరం?

ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ కావాలన్నది కోరికైతే రాయాల్సింది నార్‌సెట్. దానికి బీఎస్సీ నర్సింగ్ సరిపోతుంది. జీఎన్‌ఎం చేసినవాళ్లకైతే రెండేళ్ల అనుభవం ఉండాలి. ఎమ్మెస్సీ అడగరు. రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సు పోస్టులకూ అంతే. అమెరికా వెళ్లాలంటే ఎన్‌క్లెక్స్, బ్రిటన్‌కైతే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ పెట్టే పరీక్షలు, జర్మనీకైతే జర్మన్ భాష, అర్హత గుర్తింపు. వీటిలో దేనికీ ఎమ్మెస్సీ తప్పనిసరి కాదు. ఈ దారుల్లో వెళ్లాలనుకునేవాళ్లు రెండేళ్లు, కొన్ని లక్షలు ఎమ్మెస్సీ మీద పెట్టేకన్నా ఆ సమయాన్ని పరీక్షకో భాషకో ఇవ్వడం మేలు.

ఎమ్మెస్సీ లేకపోతే పైకి ఎదగలేని రంగం బోధన. నర్సింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయినా, ఆపై ప్రొఫెసర్, ప్రిన్సిపాల్ అయినా ఈ డిగ్రీ ఉండాల్సిందే. పీహెచ్‌డీకి మెట్టు కూడా ఇదే. పెద్ద ఆసుపత్రుల్లో నర్సింగ్ ఎడ్యుకేటర్, నర్సింగ్ సూపరింటెండెంట్ వంటి బాధ్యతలకు ఎమ్మెస్సీ ఉన్నవాళ్ల వైపు మొగ్గు చూపుతారు.

ఐసీయూలోనో ఎన్ఐసీయూలోనో పని మెరుగుపరచుకోవడమే ఉద్దేశమైతే, దానికి ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు ఉన్నాయి. క్రిటికల్ కేర్, నియోనేటల్, ఆంకాలజీ వంటి విభాగాల్లో ఇవి దొరుకుతాయి. సగం కాలం, అందుకు తగ్గట్టే ఖర్చు. పడక పక్కనే ఉంటూ ఎక్కువ క్లినికల్ బాధ్యత తీసుకోవాలనుకునేవాళ్లకు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే రెండేళ్ల రెసిడెన్సీ కోర్సు కూడా ఉంది.

అసలు ఖర్చు ఎంత?

ఎమ్మెస్సీ రెండేళ్ల పూర్తికాలపు చదువు. అంటే ఉద్యోగం మానేయాలి. చాలామంది లెక్కలో వేసుకోనిది ఈ పోయే జీతమే. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. నెలకు 22,000 రూపాయలు సంపాదించే నర్సు ఒక ప్రైవేటు కాలేజీలో చేరిందనుకోండి. ఫీజు ఏడాదికి లక్ష చొప్పున 2,00,000. హాస్టలు, భోజనం నెలకు 6,000 చొప్పున 1,44,000. పరీక్ష ఫీజులు, యూనిఫాం, పోస్టింగులకు ప్రయాణాలు, థీసిస్ ఖర్చు కలిపి 50,000. జేబులోంచి పోయేది 3,94,000. రెండేళ్ల జీతం 5,28,000 రాకుండా పోయింది. మొత్తం 9,22,000.

చదువయ్యాక జీతం నెలకు 5,000 పెరిగితే ఈ మొత్తం తిరిగి రావడానికి 15 ఏళ్లకు పైగా పడుతుంది. అదే 12,000 పెరిగితే ఆరున్నర ఏళ్లలోపే తీరిపోతుంది. కాబట్టి చేరేముందు చేయాల్సిన పని, మీ ఊళ్లో, మీరు వెళ్లాలనుకునే ఊళ్లో నర్సింగ్ కాలేజీలు కొత్తగా ఎమ్మెస్సీ చేసి వచ్చినవాళ్లకు నిజంగా ఎంతిస్తున్నాయో కనుక్కోవడం. కాగితం మీద చూపే జీతం కాదు, బ్యాంకు ఖాతాలో పడే జీతం. అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న సీనియర్‌ను అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇప్పుడు అదే నర్సు ప్రభుత్వ కాలేజీలో సీటు తెచ్చుకుందనుకోండి. తెలంగాణ ప్రభుత్వం 2022లో ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థుల స్టైపెండును మొదటి ఏడాది నెలకు 9,000, రెండో ఏడాది 10,000 రూపాయలకు పెంచింది. రెండేళ్లకు 2,28,000. ఫీజు రెండేళ్లకు కలిపి 20,000 అనుకుని, మిగతా ఖర్చులు అంతే ఉంచినా మొత్తం భారం 5,14,000కు దిగుతుంది. తేడా నాలుగు లక్షల పైమాటే.

ఈ తేడాలో ఒక సంగతి దాగుంది. ఈ ఏడాది ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు రాలేదని మేనేజ్‌మెంట్ కోటాలో చేరిపోయేవాళ్లు "ఏడాది వృథా అవుతుంది" అంటారు. లెక్క అలా చెప్పదు. ఆ ఏడాది ఉద్యోగం చేస్తూనే ఉంటారు, జీతం వస్తూనే ఉంటుంది. పోయేదల్లా తర్వాత రావాల్సిన పెంపు ఒక ఏడాది ఆలస్యం కావడం. నెలకు 5,000 చొప్పున అది 60,000. ఆ ఏడాది చదివి ప్రభుత్వ సీటు తెచ్చుకుంటే మిగిలేది నాలుగు లక్షలు. ర్యాంకు వచ్చే అవకాశం నిజంగా ఉన్నవాళ్లకు ఆగడమే చవక.

ఎక్కడ వెతకాలి?

తెలంగాణలో వరంగల్ కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రవేశాల నోటిఫికేషన్లు ఇస్తాయి. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ సొంతంగా ప్రవేశాలు జరుపుతాయి కాబట్టి వాటి ప్రకటనలు విడిగా చూసుకోవాలి. రాష్ట్రం దాటగలిగితే ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫీజు నామమాత్రం, పోటీ మాత్రం గట్టిది. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య నర్సింగుకు పేరున్న చోటు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం బీఎస్సీలో కనీసం 55 శాతం మార్కులు, ఏడాది పని అనుభవం, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. అనుభవ ధ్రువపత్రం ఉద్యోగం మానేసే రోజే తీసుకోండి. ఏళ్ల తర్వాత పాత ఆసుపత్రి చుట్టూ తిరగాల్సిన పని తప్పుతుంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు రాజీనామా మాట ఎత్తకముందే ఇన్‌సర్వీస్ కోటా, స్టడీ లీవు గురించి తమ శాఖలో అడగాలి. జీతం ఆగకుండా చదవగలిగితే పై లెక్కంతా మారిపోతుంది.

స్పెషాలిటీ ఎంపికకూ ఉద్యోగావకాశాలతో సంబంధం ఉంది. మెడికల్ సర్జికల్, ఓబీజీ, చైల్డ్ హెల్త్, మెంటల్ హెల్త్, కమ్యూనిటీ హెల్త్ అని ఐదు ప్రధాన విభాగాలు. చాలామంది మొదటి రెండింటికే ఎగబడతారు. కానీ ప్రతి బీఎస్సీ కాలేజీలోనూ ఐదు సబ్జెక్టులూ చెప్పాల్సిందే, అన్నిటికీ అధ్యాపకులు కావాల్సిందే. మానసిక ఆరోగ్యం మీద ఆసక్తి ఉన్నవాళ్లు "దానికి డిమాండు లేదు" అన్న మాట విని వెనక్కి తగ్గనక్కర్లేదు.

చౌక సీటులో చిక్కులు

"కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, జీతం కూడా పోదు." ఏజెంట్లు చెప్పే ఈ మాట వినడానికి అన్నిటికన్నా చవక బేరంలా ఉంటుంది. పోయే జీతాన్ని కాపాడుతుంది కదా అనిపిస్తుంది. కానీ ఈ డిగ్రీతో మీరు చేయబోయేది రేపటి నర్సులకు పాఠం చెప్పడం. క్లినికల్ గంటలు కాగితం మీదే ఉన్నవాళ్లు ఇంటర్వ్యూలోనే దొరికిపోతారు. హాజరు నకిలీదని తేలితే డిగ్రీతో పాటు రిజిస్ట్రేషన్ కూడా చిక్కుల్లో పడుతుంది.

కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, రాష్ట్ర కౌన్సిల్ అనుమతి, విశ్వవిద్యాలయ అనుబంధం మూడూ ఉన్నాయో లేదో చూడండి. బీఎస్సీకి అనుమతి ఉన్నంత మాత్రాన ఎమ్మెస్సీకి ఉన్నట్టు కాదు. మీరు కోరే స్పెషాలిటీలో, మీరు చేరే ఏడాదికి ఎన్ని సీట్లకు అనుమతి ఉందో చూడాలి. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్‌ను తెస్తూ పార్లమెంటు 2023లో కొత్త చట్టం చేసింది. అందుకని పాత బ్రోచర్లో అచ్చయిన గుర్తింపు మాటను నమ్ముకోకుండా తాజా ఉత్తర్వు కాపీ అడగండి.

కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, అందులో రోగులు ఉన్నారా అన్నది తర్వాతి ప్రశ్న. భవనం చూసి రాకండి, ఓపీ వేళకు వెళ్లి చూడండి. సొంత ఆసుపత్రి లేని చోట పోస్టింగులకు బయటి ఆసుపత్రులకు పంపుతారు. ఆ రుసుము, బస్సు ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ముందే అడగాలి. ఫీజు ఎంతని అడిగితే ట్యూషన్ ఫీజు ఒక్కటే చెబుతారు. రెండేళ్లలో అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాసివ్వమనండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి వెనక్కి ఇచ్చేయాలే తప్ప కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చదువయ్యాక అక్కడే పనిచేయాలని బాండు అడిగితే ఎన్నేళ్లు, ఎంత జీతానికి అన్నది చదివాకే సంతకం.

అప్పు తెచ్చే ముందు

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఎస్సీ విద్యార్థుల కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కోర్సుకు, ఆ కోటాకు, ఆ ఏడాది వర్తిస్తుందో లేదో చేరకముందే తేల్చుకోవాలి. "వస్తుందిలే" అన్న కాలేజీ మాట మీద లెక్క కట్టకండి.

2024లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరేవాళ్లకు హామీ లేకుండా అప్పు దొరుకుతుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పుపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లకు ఇది వర్తించదు. ర్యాంకుతో వచ్చే సీటుకు ఉన్న మరో లాభం ఇదే.

అప్పు ఎంత వరకు మంచిదంటే, చదువయ్యాక వచ్చే జీతంలో పెరిగిన భాగంతోనే నెలవారీ వాయిదా తీరాలి. పాత జీతంలోంచి కూడా తీసి కట్టాల్సి వస్తే ఆ సీటు మీకు ఖరీదైనదే, ఫీజు ఎంత తక్కువైనా. బోధన మీద మనసుంటే ప్రభుత్వ సీటు కోసం ఒకటి రెండుసార్లు గట్టిగా ప్రయత్నించండి. అది రాకపోతే సొంత ఆసుపత్రి ఉన్న ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు చూడండి. మేనేజ్‌మెంట్ సీటు ఆ తర్వాతి మాట. బోధన మీద మనసు లేకపోతే, తోటివాళ్లు చేరుతున్నారన్న ఒక్క కారణానికి చేరకండి. నార్‌సెట్ పుస్తకాలు తెరవడం తక్కువ దారేమీ కాదు.