విడదీస్తే అర్థం చిక్కని ఆంగ్ల పదబంధాలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి: ‘లుక్’ అంటే చూడు. ‘అవుట్’ అంటే బయట. ఈ రెండూ తెలిసిన యువకుడు గల్ఫ్‌లో భవన నిర్మాణ పనిలో ఉండగా పై అంతస్తు నుంచి ఎవరో ‘లుక్ అవుట్’ అని అరిచారనుకుందాం. బయటకు తొంగి చూస్తే ప్రాణానికే ముప్పు. ‘ప్రమాదం, తప్పుకో’ అన్నది ఆ కేక భావం. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నుంచి ఏళ్ల తరబడి గల్ఫ్ వలసలు సాగుతున్నాయి. అందువల్ల ఆంగ్ల పదబంధాల పరిజ్ఞానం ఇక్కడివారికి మార్కులతోనే ముగిసే వ్యవహారం కాదు.

క్రియకు అప్, ఆఫ్, అవుట్, డౌన్ వంటి చిన్న పదం చేరి కొత్త అర్థమిస్తే దానిని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. మాటల విడి అర్థాలతో నిమిత్తం లేకుండా వాడుకలో స్థిరపడిన పలుకుబడి ఇడియమ్. మనం జాతీయమంటాం. ఈ రెండింటినీ చూసి గ్రామీణ విద్యార్థులు జంకుతుంటారు. నిజానికి ఈ పద్ధతి వారికి పుట్టుకతో వచ్చినదే.

మన ‘వెనుక’ చాలదా?

‘వెనుకాడు’ అంటే సంకోచించడం. ‘వెనకేసుకొను’ అంటే సొమ్ము కూడబెట్టడం. ‘వెనకేసుకువచ్చు’ అంటే ఒకరి తప్పును సమర్థించడం. మూడింటిలోనూ ‘వెనుక’ ఉంది, అర్థాలు మాత్రం మూడు దారులు. వీటిని ఏ బడిలోనూ జాబితాగా బట్టీ పట్టలేదు. ఇంట్లో, వీధిలో, సందర్భంతో కలిపి విన్నాం కనుక అబ్బాయి. ఆంగ్లంలో ‘పుట్’ తీరూ ఇదే. ‘పుట్ ఆన్’ అంటే ధరించడం, ‘పుట్ అవుట్’ అంటే మంట ఆర్పడం, ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం.

దగ్గరి పోలిక ఉన్నచోటే అసలు చిక్కు. ఇంటర్వ్యూ ‘పుట్ ఆఫ్’ అయిందంటే మరో తేదీ వస్తుంది. ‘కాల్ ఆఫ్’ అయిందంటే రద్దయినట్లే, తేదీ కోసం ఎదురుచూసి ఫలితం లేదు. పదాల అమరికలోనూ మెలకువ అవసరం. ‘దానిని వాయిదా వేయి’ అనడానికి ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాలే తప్ప ‘పుట్ ఆఫ్ ఇట్’ అనరాదు. ‘లుక్ ఆఫ్టర్’ అలా విడిపోదు, ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అనే అంటారు.

రైతులు ఆదమరవకూడని మాట ‘రైటాఫ్’. బ్యాంకు ఒక అప్పును రైటాఫ్ చేసిందంటే మాఫీ అయిందని చాలామంది భావిస్తారు. అది బ్యాంకు తన లెక్కల పుస్తకాల్లో చేసుకొనే సర్దుబాటు మాత్రమే. అప్పు తీసుకొన్నవారి బాధ్యత అలాగే ఉంటుంది, వసూలు ప్రయత్నాలూ సాగుతాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం రూ.2 లక్షల వరకు పంట రుణాలకు ప్రకటించినది మాఫీ. దానికి ఆంగ్లంలో ‘వేవర్’ అని వేరే మాట ఉంది. నోటీసులో ఏ పదం ఉందో చదివించుకోవడం మంచిది.

జాతీయాలకు జోడీలు

ఇడియమ్‌కు మాటకు మాట అనువాదం పనికిరాదు. సమానమైన తెలుగు పలుకుబడిని వెతికితే ఇట్టే నిలుస్తుంది. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే నీలి చందమామ కాదు, మన ‘అమావాస్యకో పున్నానికో’. ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే ‘నల్లేరు మీద బండి నడక’. ‘బీట్ అరౌండ్ ద బుష్’ అంటే అసలు విషయానికి రాకుండా డొంకతిరుగుడుగా మాట్లాడటం. పూర్వం ఇంగ్లండులో పక్షుల వేటకు ముందు పొదల చుట్టూ కర్రలతో కొట్టి వాటిని లేపేవారు, ఆ అలవాటు నుంచి పుట్టిన పలుకుబడి ఇది. కార్యాలయాల జాప్యాన్ని ‘రెడ్ టేప్’ అనడానికీ కారణముంది. ఒకప్పుడు ప్రభుత్వ దస్త్రాలను ఎర్ర నాడాలతో కట్టేవారు.

అన్నిటికీ జోడీ దొరకదు. కుండపోత వానను ‘క్యాట్స్ అండ్ డాగ్స్’ అనడం పాఠ్యపుస్తకాల్లో చూస్తాం కానీ నేటి ఆంగ్లేయుల సంభాషణలో అది అరుదు. మౌఖిక పరీక్షలో గొప్ప కోసం ఇలాంటివి గుప్పిస్తే నవ్వులపాలయ్యే ప్రమాదమే ఎక్కువ.

స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ నిర్వహించే సీజీఎల్ తొలి దశ పరీక్షలో ఆంగ్లానికి 25 ప్రశ్నలు, 50 మార్కులు ఉంటాయి. అందులో జాతీయాలు అడుగుతారు. తప్పు సమాధానానికి అర మార్కు కోత. విడి పదాల అర్థాన్నే యథాతథంగా చూపే ఐచ్ఛికం తరచూ ఉచ్చుగా ఉంటుంది, గుర్తు పెట్టేముందు ఒకసారి ఆగి చూడాలి. ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఆంగ్ల మాధ్యమం వచ్చింది కనుక చిన్న తరగతుల నుంచే ఈ సాధన మొదలుపెట్టవచ్చు.

వందల పదబంధాలున్న పుస్తకం కొని వరుసగా వల్లె వేయడం వృథా ప్రయాస. రోజుకు రెండు చాలు. వాటితో సొంత ఊరి సంగతులపైనే వాక్యాలు రాయాలి. ఎల్లారెడ్డి వెళ్లే బస్సు దారిలో ఆగిపోతే ‘ద బస్ బ్రోక్ డౌన్’ అని రాయవచ్చు. బస్సు ‘బ్రేక్‌డౌన్’ అయిందని మనం రోజూ అంటున్నదే, అక్కడ అది నామవాచకం, ఇక్కడ క్రియ. కటాఫ్, సెండాఫ్, చెకప్, పికప్ అన్నీ ఇలా పుట్టినవే. నోటుపుస్తకం మొదటి పేజీని వీటితోనే నింపవచ్చు.