మానుమన్నంత మాత్రాన మానునా?

తెలుగులో ‘మందు’ అనే మాటకు ఉన్నన్ని విరుద్ధార్థాలు మరొక మాటకు ఉన్నవో లేవో! రోగాన్ని కుదిర్చేదీ మందే, తుపాకిలో దట్టించేదీ మందే. గిట్టనివారు అన్నంలో కలిపి పెట్టారని పల్లెలో అనుమానించేదీ మందే. పొద్దువాలేసరికి కొందరి కాళ్ళను దుకాణం వైపు లాగేదీ మందే. తెలంగాణ ప్రాంతంలో ‘మందు కల్లు’ అని ఒక పలుకుబడి ఉన్నది. ఆ చిన్న సమాసంలో పై అర్థాలన్నీ ఇమిడి ఉన్నవంటే అతిశయోక్తి కాదు.

చెట్టునుండి దించిన ఈతకల్లు గాని తాటికల్లు గాని పులిసినకొద్దీ కొంత మత్తునిచ్చే పానీయం. చెట్లు తక్కువై, తాగేవారు ఎక్కువైన చోట్ల నీటిలో తీపి కలిపి, మత్తుకోసం క్లోరల్ హైడ్రేటు, డైజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి పదార్థాలు చేర్చి అమ్మటం మొదలైనది. అదే మందు కల్లు. ఈ పదార్థాలు పుట్టుకతో దుష్టమైనవి కావు. క్లోరల్ హైడ్రేటును 1832లో లీబిగ్ అనే జర్మను రసాయనవేత్త తయారుచేశాడు. 1869లో అది నిద్రమందుగా వైద్యంలో ప్రవేశించినది. డైజెపామ్ 1963లో వచ్చినది. మూర్ఛలకూ తీవ్రమైన ఆందోళనకూ వైద్యులు నేటికీ దానిని తూచి ఇస్తున్నారు. కల్లుకుండలో తూచేవాడెవడు?

2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేసినది. ఉద్దేశం మంచిదే. కాని కల్లు ఆగిన కొద్ది రోజులకే నిజామాబాదు, మహబూబ్‌నగర్ మొదలైన జిల్లాలలో వందలాది జనం ఆసుపత్రుల పాలయ్యారు. చేతులు వణకటం, నిద్ర పట్టకపోవటం, లేనివి ఉన్నట్లు కనబడటం, పొంతనలేని మాటలు, మూర్ఛలు! కొందరు ప్రాణాలు కూడా కోల్పోయారు. విషం తాగినందుకు జబ్బుపడటం లోకానికి తెలిసిన సంగతి. విషం మానినందుకు జబ్బుపడటమేమిటని చాలామంది ఆశ్చర్యపోయారు. మత్తును గురించి మనం తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఆ ఆశ్చర్యంలోనే ఉన్నది.

మెదడును ఒక కావడితో పోల్చవచ్చును. ఒక బుట్టలో ఉత్తేజం, మరొక బుట్టలో శాంతి. రెండూ సమానంగా ఉంటేనే నడక సాగుతుంది. డైజెపామ్, ఆల్ప్రజోలామ్, సారా ఇవన్నీ శాంతి ఉన్న బుట్టలో బరువు వేస్తవి. రోజూ అలా వేస్తూ పోతే మెదడు ఊరుకోదు. సమతూకం కోసం ఉత్తేజం వైపు తానూ బరువు పెంచుకుంటుంది. అందుచేతనే నిన్న ఒక సీసాతో వచ్చిన మత్తుకు నేడు రెండు సీసాలు కావలసి వస్తుంది. ఇప్పుడు ఎవరో వచ్చి మందు ఉన్న బుట్టను ఒక్కసారిగా లాగివేశారనుకొందాము. రెండవ బుట్ట దబ్బున నేలకు కొట్టుకొంటుంది. ఆ వణుకూ, ఆ మూర్ఛా, ఆ భ్రాంతీ అదే. ఇది మనోబలం లేకపోవటం కాదు, శరీరధర్మం.

2020 మార్చిలో కరోనా కట్టడివల్ల మద్యం దుకాణాలు మూతపడినప్పుడు కూడా హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యాలయానికి ఇటువంటి రోగులే బారులు తీరారు. అయిదేండ్ల వెనుకటి పాఠాన్ని మనం మరచితిమి కాబోలు! కల్లులో కల్తీ కూడా ఆగలేదు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు.

మరి చికిత్స ఏమిటి? వేసిన బరువును కొద్దికొద్దిగా తీయటమే. ఒంటిలో త్వరగా అరిగిపోయే ఆల్ప్రజోలామ్‌కు మారుగా, నెమ్మదిగా అరిగే డైజెపామ్‌ను వైద్యుడు లెక్కప్రకారం ఇచ్చి, వారాల తరబడి మోతాదు తగ్గిస్తూ వస్తాడు. సారా మానినవారికి ఇటువంటి మందుతోపాటు థయమిన్ అనే విటమిను తప్పనిసరి. అది లోపిస్తే మెదడుకు శాశ్వతమైన హాని కలుగవచ్చును. నల్లమందు, హెరాయిన్ జాతివాటి సంగతి వేరు. అవి మానినప్పటి బాధ భరింపరానిదే గాని, దానివలన ప్రాణాపాయం అరుదు. అపాయమంతా తరువాత ఉన్నది: కొన్నాళ్ళు మాని, పాత మోతాదునే మళ్ళీ తీసుకొన్నవాడు ఊపిరి ఆగి చనిపోవచ్చును. అందువల్ల వారికి బ్యూప్రినార్ఫిన్, మెథడోన్ అనే మందులను దీర్ఘకాలం ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో వాటిని అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చినది. ‘ఒక మత్తుకు మరొక మత్తా?’ అని ఆక్షేపించేవారు మధుమేహ రోగి ప్రతిదినమూ ఇన్సులిన్ తీసుకోవటాన్ని ఆక్షేపించరు గదా! గంజాయికి మాత్రం ఇటువంటి ప్రత్యేకమైన మందు ఇంకా లేదు. అక్కడ ఓపికతో చేసే మానసిక చికిత్సే ఆధారం.

ఒళ్ళు కుదుటపడినంతనే రోగం పోయినదనుకోరాదు. నలోపాఖ్యానం చదివిన విద్యార్థులకు ఇది సులభంగా బోధపడుతుంది. రాజ్యం పోయి అడవిపాలైన తరువాత నలుడు పాచికలు ముట్టలేదు. అయినా కలి అతనిలోనే ఉన్నాడు. ఋతుపర్ణునివలన అక్షహృదయం గ్రహించిన తరువాతనే వదలిపోయాడు. మానటం వేరు, విడుదల కావటం వేరు. ‘నలుడు మళ్ళీ జూదమాడి గెలిచాడు గదా!’ అని తరగతిలో ఏ కొంటె కుర్రవాడైనా అడుగవచ్చును. పోలికను అక్కడితో ఆపవలె. మత్తుతో మరొక్క ఆట ఆడి గెలుద్దామనుకొన్నవారిలో ఓడినవారే ఎక్కువ. ఏ వేళ, ఏ స్నేహితుడు, ఏ దిగులు తనను దుకాణం వైపు నడిపిస్తున్నదో రోగి గుర్తుపట్టటమే అతని అక్షహృదయం. నెలల తరబడి సాగే సలహా చికిత్స నేర్పేది దానినే.

భాషాబోధకుణ్ణి గనుక ఇంకొక మాట. ‘తాగుబోతు’ అంటాము. ‘తిండిబోతు’ వలె ఇదీ మనిషినంతటినీ ఒక్క పనిలోకి కుదించే మాట. జ్వరం వచ్చినవాడిని జ్వరబోతు అన్నవారున్నారా? బడిలో ఒక పిల్లవాణ్ణి ‘తాగుబోతు కొడుకు’ అని తోటివారు పిలిచిననాడు ఆ ఇంటి రోగం ఇంకొంత లోపలికి దాగిపోతుంది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించగా 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి పూర్తిగా లోబడిన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందినది. తక్కినవారికి అందకపోవటానికి ఆసుపత్రుల కొరత ఒక కారణమైతే, సిగ్గు మరొక కారణమని నా అభిప్రాయం.

పోలీసు భయం కూడా కొందరిని ఆపుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64-ఎ సెక్షన్ ఒకటున్నది. మత్తుకు లోబడినవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోగాని, ప్రభుత్వం గుర్తించిన సంస్థలోగాని చికిత్సకు చేరి దానిని పూర్తిచేస్తే, వాడినందుకుగాని, తక్కువ పరిమాణంలో దగ్గర ఉన్నందుకుగాని అతనిపై కేసు నడపరు. పై తరగతుల విద్యార్థులకు ఈ సంగతి తప్పక తెలియవలె. కేంద్ర సాంఘిక న్యాయశాఖవారి 14446 సంఖ్యకు ఉచితంగా ఫోను చేసి దగ్గరలో చికిత్స ఎక్కడ దొరుకుతుందో అడుగవచ్చును. ‘మా నాన్న గోడమీద పురుగులు పాకుతున్నవంటున్నాడు సార్’ అని ఏ పిల్లవాడైనా వచ్చి చెబితే మాత్రం ఫోను దగ్గర ఆగక, భూతవైద్యుణ్ణి పిలువక, వెంటనే ఆ ఇంటివారిని ఆసుపత్రికి పంపవలె. రోగి ఏమి తాగేవాడు, రోజుకు ఎంత తాగేవాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు? ఈ మూడూ ఒక కాగితంమీద రాసి ఇస్తే వైద్యుని పని సగం తేలిక అవుతుంది.