క్యాన్సర్ మాత్రలతో జోషాందా తాగవచ్చా?

క్యాన్సర్‌కు మాత్రలు వాడుతున్న వారి ఇంటివాళ్ళు తరచు ఈ మాట అడుగుతుంటారు. కిద్వాయిలోనో, అడయారులోనో, టాటా మెమోరియల్‌లోనో చూపించుకుని వస్తారు. దగ్గు పట్టగానే ఇంట్లో జోషాందా కాస్తారు. "మూలికలే కదా, ఏం చేస్తాయి?" అంటారు. చేస్తాయి. పనిచేస్తాయి కనుకనే మేము వాటిని ఇస్తాం!

జోషాందాలో సాధారణంగా అస్లుస్సూస్, అంటే అతిమధురం, ఉంటుంది. రోజూ ఎక్కువగా తీసుకుంటే ఇది రక్తంలో పొటాషియం తగ్గించి, బీపీని పెంచగలదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే అబిరాటెరోన్ మాత్రతో కూడా ఇవే ఇబ్బందులు రావచ్చు. రెండూ కలిస్తే గుండెకు ప్రమాదం. ఇక మన కితాబుల్లోని హయూఫారీఖూన్ ఇమాటినిబ్‌ను శరీరం నుంచి త్వరగా పంపేస్తుంది. మాత్ర మింగుతున్నా రక్తంలో మందు చాలదు.

గ్రేప్‌ఫ్రూట్ పండు దీనికి విరుద్ధం. పేరు చూసి ద్రాక్ష అనుకోకండి, ఇది నిమ్మజాతి పండు. పేగులో మందును విరిచే ఎంజైమును ఇది అణచివేస్తుంది. అప్పుడు ఇమాటినిబ్, నిలోటినిబ్, లపాటినిబ్ వంటివి మోతాదు మించి రక్తంలో చేరవచ్చు. ఒక్క గ్లాసు రసం ప్రభావం మర్నాటికీ ఉంటుంది కాబట్టి వేళ మార్చినా లాభం లేదు. మన పంపరపనస (చకోత, బంబ్లిమాస్ అన్నా ఇదే) దానికి దగ్గరి చుట్టం. దాన్నీ మానండి.

భోజనం వేళ కూడా ముఖ్యమే. కాపెసిటాబైన్‌ను తిన్న అరగంటలోపు వేసుకోవాలి. ఇమాటినిబ్‌ను భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్ళతో మింగాలి. నిలోటినిబ్ క్యాప్సూల్ అయితే ముందు 2 గంటలు, తర్వాత 1 గంట ఏమీ తినకూడదు. రంజాన్‌లో ఒకటి సహరీతో, ఒకటి ఇఫ్తార్‌తో వేసుకుంటే సులువనిపిస్తుంది గానీ, నిలోటినిబ్‌కు అది బొత్తిగా పనికిరాదు. జబ్బుపడినవారికి రోజా విషయంలో సడలింపు ఉంది. డాక్టరు గారిని అడగకుండా మాత్రల వేళలు మార్చకండి, మానకండి.

ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మజూన్ సీసా, జోషాందా పొట్లం వెంట తీసుకెళ్ళండి. కోప్పడతారని దాచకండి. నుస్ఖా ఉర్దూలో ఉంటే డాక్టరు గారు చదవలేరు, మీ హకీం సాబ్ చేత ఆ పేర్లు ఇంగ్లీషులో రాయించుకోండి.