యూనిట్ – 7: ఇంటిలో నాచు బంతి మొక్కలు (కొకెదమ) – సంరక్షణ, ప్రదర్శన

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 కొకెదమ – పుట్టుక, నిర్మాణం
7.3 బంతికి, కుండీకి తేడా
7.4 మొక్క, మట్టి, పైచుట్టు – ఎంపిక
7.5 బంతి తయారీ
7.6 నీటి యాజమాన్యం
7.7 ప్రదర్శన
7.8 సమస్యలు – నివారణ
7.9 సారాంశం
7.10 కృత్యం
7.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
7.12 పదకోశం
7.13 మాదిరి పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• కొకెదమ అంటే ఏమిటో, దాని నిర్మాణం ఎలా ఉంటుందో వివరించగలుగుతారు.
• బంతి కుండీకన్నా త్వరగా ఎందుకు ఎండుతుందో లెక్కతో సహా చెప్పగలుగుతారు.
• మీ ఇంటి వెలుతురుకు, మీకు దొరికే నీటికి తగిన మొక్కను, పైచుట్టును ఎంచుకోగలుగుతారు.
• బంతి బరువును బట్టి నీళ్ళు ఎప్పుడు పెట్టాలో నిర్ణయించగలుగుతారు.

7.1 పరిచయం

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో ఉంటున్న మీలో చాలామందికి పెరడు ఉండకపోవచ్చు. అపార్ట్‌మెంట్ బాల్కనీ, అద్దె ఇంటి వరండా, కిటికీ గ్రిల్లు – మొక్కలకు దొరికే చోటు ఇంతే. కుండీ అవసరం లేకుండా, వేలాడదీసుకునేందుకు వీలుగా ఉండే నాచు బంతి మొక్క ఇలాంటి ఇళ్ళకు బాగా నప్పుతుంది. అందుకే దీనిపై ఆసక్తి పెరుగుతోంది.

అయితే చలికాలంలో ముచ్చటపడి కొన్న బంతి, మే నెల వచ్చేసరికి గట్టి మట్టిగడ్డగా మారడం మీలో కొందరికి అనుభవమే కావచ్చు. "రోజూ నీళ్ళు చల్లుతూనే ఉన్నాం కదా, ఎందుకు చచ్చిపోయింది?" అనిపిస్తుంది. ఆ చల్లడంలోనే చిక్కు ఉంది. నీళ్ళు చల్లితే పైనున్న నాచు పచ్చగా ఉంటుంది. లోపల మొక్క వేళ్ళు మాత్రం ఎండిపోతూ ఉంటాయి. పైపచ్చదనం వేరు, లోపలి తేమ వేరు. ఈ యూనిట్‌లో మీరు ప్రధానంగా గ్రహించవలసింది ఈ తేడానే.

7.2 కొకెదమ – పుట్టుక, నిర్మాణం

జపాన్ భాషలో 'కొకె' అంటే నాచు, 'తమ' అంటే బంతి. రెండూ కలిసినప్పుడు 'కొకెదమ' అవుతుంది. ఇది బోన్సాయ్ కళకు దగ్గర బంధువు. బోన్సాయ్‌లో 'నెఅరాయి' అనే పద్ధతి ఉంది. కుండీలో వేళ్ళు దట్టంగా అల్లుకుపోయిన మొక్కను బయటకు తీసి, వేళ్ళను కడిగి, కుండీ లేకుండానే పళ్ళెంలో పెడతారు. కొంతకాలానికి వేళ్ళపై నాచు పెరుగుతుంది. కొకెదమ ఈ పద్ధతి నుంచి వచ్చిందని చెబుతారు.

కొకెదమలో మూడు పొరలుంటాయి: లోపల మొక్క వేళ్ళు, వాటి చుట్టూ జిగురుమట్టి ముద్ద, దానిపైన దారంతో కట్టిన నాచు.

పై పొర అయిన నాచు బ్రయోఫైటా వర్గానికి చెందుతుంది. దీనికి నిజమైన వేళ్ళు ఉండవు. పట్టు కోసం మూలతంతువులు మాత్రమే ఉంటాయి. నీటిని మోసే దారువు కూడా ఉండదు. అందువల్ల నాచు తన సన్నని ఆకుల ద్వారానే నీటిని నేరుగా పీల్చుకుంటుంది. చాలా రకాల నాచులు ఎండినా చనిపోవు, తడి తగలగానే మళ్ళీ పచ్చబడతాయి. మేడ్చల్‌లో ఏ పాత ప్రహరీగోడను చూసినా ఇది తెలుస్తుంది: ఏప్రిల్‌లో నల్లగా ఎండిన పొర, జూన్‌లో రెండు వానలు పడగానే పచ్చని మఖ్మల్‌లా మారుతుంది. లోపలి మొక్కకు ఈ శక్తి లేదు. దాని వేళ్ళు ఒకసారి పూర్తిగా ఎండితే తిరిగి రావు.

జపాన్‌లో నాచు సులభంగా పెరగడానికి అక్కడి వాతావరణమే కారణం. నాచు తోటకు పేరుపొందిన సైహోజి ఆలయం ఉన్న క్యోటో నగరంలో ఏడాదికి సుమారు 1500 మి.మీ. వర్షం పడుతుంది. హైదరాబాద్ ప్రాంతంలో సుమారు 800 మి.మీ. మాత్రమే పడుతుంది, అందులోనూ ఎక్కువ భాగం జూన్–సెప్టెంబరు నెలల్లోనే. కాబట్టి అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్లు ఇక్కడికి తెచ్చుకోలేం. సూత్రాన్ని తీసుకుని, ఆచరణను మార్చుకోవాలి.

7.3 బంతికి, కుండీకి తేడా

ఒక చిన్న లెక్క చూద్దాం. 12 సెం.మీ. వ్యాసం ఉన్న బంతి ఘనపరిమాణం సుమారు 905 ఘన సెం.మీ. అంతే మట్టి పట్టే ప్లాస్టిక్ కుండీ వ్యాసం, ఎత్తు చెరి 10.5 సెం.మీ. ఉంటాయనుకోండి. కుండీలో గాలి తగిలేది మట్టి పైభాగానికే, అంటే సుమారు 87 చదరపు సెం.మీ.కు. బంతికి అన్ని వైపులా గాలి తగులుతుంది, అంటే సుమారు 452 చదరపు సెం.మీ.కు. అదే మట్టికి అయిదు రెట్లకు పైగా ఆవిరయ్యే ఉపరితలం ఉందన్నమాట.

దీనివల్ల ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. బాష్పీభవనం వల్ల బంతి చల్లగా ఉంటుంది. రంజన్‌లో నీళ్ళు చల్లబడటానికి కారణమూ ఇదే. వేసవిలో నల్ల ప్లాస్టిక్ కుండీలో వేళ్ళు ఉడికిపోతే, తడిగా ఉన్న బంతిలో హాయిగా ఉంటాయి. కానీ నీరు అయిపోతే ఆ రక్షణ కూడా పోతుంది.

బంతి పరిమాణం కూడా ముఖ్యమే. 6 సెం.మీ. బంతిలో ప్రతి ఘన సెం.మీ. మట్టికి 1 చదరపు సెం.మీ. ఉపరితలం ఉంటుంది. 12 సెం.మీ. బంతిలో అది సగమే. అంటే బంతి చిన్నదైన కొద్దీ త్వరగా ఎండుతుంది. నిమ్మకాయంత బంతులు చూడటానికి ముద్దుగా ఉన్నా, మన వేసవికి తట్టుకోవు. 12 సెం.మీ.కు తగ్గకుండా చేసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. నాచు పచ్చగా ఉన్నంత మాత్రాన మొక్క క్షేమంగా ఉందని ఎందుకు చెప్పలేం?
2. చిన్న బంతి త్వరగా ఎండడానికి కారణం ఏమిటి?

7.4 మొక్క, మట్టి, పైచుట్టు – ఎంపిక

మొక్క: నాచుకు నీడ, తేమ కావాలి. లోపలి మొక్క కూడా వాటినే కోరేదై ఉండాలి. మొదటిసారి చేసేవారికి స్పైడర్ ప్లాంట్ మంచిది. దాని వేళ్ళు దుంపల్లా లావుగా ఉండి కొంత నీరు దాచుకుంటాయి కాబట్టి ఒక పూట ఆలస్యమైనా తట్టుకుంటుంది. మనీప్లాంట్, సింగోనియం, పీస్ లిల్లీ కూడా బాగా వస్తాయి. అయితే ఈ మూడింటి ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు, గొంతు మండి వాస్తాయి. పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇళ్ళలో వీటిని అందని ఎత్తులో ఉంచండి.

తులసిని బంతిలో పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. తులసికి మంచి ఎండ కావాలి, నాచుకు నీడ కావాలి. ఒకదానికి నచ్చింది మరొకదానికి నచ్చదు కాబట్టి వద్దు. కలబంద, జేడ్ వంటివి ఎప్పుడూ తడిగా ఉంటే కుళ్ళిపోతాయి.

మట్టి: జపాన్‌లో 'కెటొ' అనే నల్లని జిగురుమట్టి వాడతారు. చిత్తడి నేలల్లో రెల్లు వంటి గడ్డి కుళ్ళి తయారయ్యే మట్టి అది. మన దగ్గర దానికి దగ్గరగా ఉండేది చెరువు పూడిక మట్టి. అది దొరక్కపోతే నల్లరేగడి వాడవచ్చు. ఎర్ర చెల్క మట్టికి జిగురు తక్కువ కాబట్టి ఒక్కదానితో బంతి నిలవదు. మురుగునీరు కలిసే చెరువుల మట్టిని తెచ్చుకోకండి. మూడు పాళ్ళు జిగురుమట్టి, మూడు పాళ్ళు కోకోపీట్, ఒక పాలు వర్మీకంపోస్టు కలపండి. నల్లమట్టి ఎండితే పగుళ్ళు తీస్తుంది. కోకోపీట్ దాన్ని తగ్గిస్తుంది. కోకోపీట్‌లో ఉప్పు ఉండవచ్చు కాబట్టి రెండుసార్లు కడిగి పిండి వాడండి.

పైచుట్టు: మీ ముందు మూడు మార్గాలున్నాయి.
• బతికున్న నాచు: వానాకాలంలో మీ ఇంటి గోడ మీద పెరిగినదే తీసుకోండి. శామీర్‌పేట వైపు బండలపై ఉన్న నాచును గీకి తేకండి. అది మెల్లగా పెరుగుతుంది, రాతి మీద కొద్దిపాటి మట్టిని పట్టి ఉంచేది అదే.
• స్ఫాగ్నం: ఎండుది సంచుల్లో అమ్ముతారు. తన పొడి బరువుకు దాదాపు 20 రెట్ల నీటిని పట్టి ఉంచగలదు.
• కొబ్బరి పీచు: చవక, మన్నిక ఎక్కువ, ఎండినా అందం చెడదు.

మార్కెట్లో రంగు వేసి అమ్మే పచ్చని 'నాచు' నిర్జీవమైనది. ఎన్ని నీళ్ళు పోసినా పెరగదు, తడిస్తే రంగు దిగుతుంది.

మేడ్చల్ వేసవికి తగిన పద్ధతి: లోపల పలుచగా స్ఫాగ్నం, పైన కొబ్బరి పీచు. వానలు మొదలయ్యాక పీచుపై కొంచెం గోడనాచు అతికిస్తే సెప్టెంబరు నాటికి చాలాచోట్ల అల్లుకుంటుంది.

7.5 బంతి తయారీ

1. మట్టి మిశ్రమంలో నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా పిసకండి. పిడికిట్లో నొక్కితే ముద్ద విడిపోకూడదు, నీరు కారిపోకూడదు.
2. లడ్డూ చుట్టినట్లు గుండ్రంగా చేసి రెండు సగాలుగా విడదీయండి.
3. మొక్కను కుండీలోంచి తీసి పాత మట్టిని మెల్లగా దులపండి. వేళ్ళను తడి స్ఫాగ్నంతో చుట్టండి.
4. వేళ్ళను రెండు సగాల మధ్య పెట్టి మూసి, పగుళ్ళు లేకుండా తడిచేత్తో నునుపు చేయండి.
5. పైచుట్టు కప్పి, నైలాన్ దారంతో అన్ని దిక్కులా బిగించి కట్టండి. పురికొస కొన్ని నెలల్లో చివికిపోతుంది. వేలాడదీసే బంతికి దాన్ని నమ్మకూడదు.
6. రెండు వారాలు నీడలో ఉంచి, తరువాత దాని చోటికి మార్చండి.

ఈ పనికి జూన్, జులై నెలలు అనువైనవి. ఏప్రిల్, మే నెలల్లో కొత్త బంతి చేయకండి.

7.6 నీటి యాజమాన్యం

ముంచే పద్ధతి: బకెట్‌లో బంతిని మునిగేలా 10–15 నిమిషాలు ఉంచండి. బుడగలు రావడం ఆగితే లోపలి వరకు తడిసిందని అర్థం. తీసి మెల్లగా నొక్కి, నీరు కారిపోయే వరకు వేలాడదీయండి. మిగిలిన నీళ్ళు కరివేపాకు మొక్కకు పోయండి; వేసవిలో ట్యాంకర్ కొనే ఇళ్ళలో ప్రతి బకెట్టూ లెక్కే.

బరువు పద్ధతి: ముంచి, నీరు కారాక బంతిని వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. రోజూ ఉదయం తూచండి. ఉదాహరణకు తడి బరువు 1000 గ్రాములైతే, 750 గ్రాములకు వచ్చినప్పుడు మళ్ళీ ముంచండి. అంటే నాలుగో వంతు తగ్గినప్పుడన్నమాట. ఇది మొదటి అంచనా మాత్రమే. అంతకుముందే ఆకులు వాలిపోతుంటే ఆ బరువు గుర్తుపెట్టుకుని, మరుసటిసారి దానికన్నా ముందే ముంచండి. కొద్ది వారాల్లో చేత్తో ఎత్తి చూస్తేనే మీకు తెలిసిపోతుంది.

కాలాన్ని బట్టి స్థూలంగా 12 సెం.మీ. బంతికి: వానాకాలంలో 5–7 రోజులకు, చలికాలంలో 4–5 రోజులకు, మార్చి నుంచి మే వరకు 1–2 రోజులకు ఒకసారి ముంచవలసి రావచ్చు. అంతిమంగా చెప్పేది త్రాసే, క్యాలెండర్ కాదు.

ఏ నీళ్ళు? ఈ ప్రాంతంలో బోరు నీళ్ళు తరచుగా కఠిన జలమే. కుళాయిల మీద, బకెట్ల అంచున కట్టే తెల్లటి పొర దానికి గుర్తు. బంతి ఉపరితలం నుంచి నీరు ఆవిరవుతుంది, లవణాలు అక్కడే మిగులుతాయి. ఆకులతోనే నీరు పీల్చే నాచుకు ఇది బాగా హాని చేస్తుంది. వాననీరు అన్నిటికన్నా మంచిది. మునిసిపల్ నీళ్ళయితే రాత్రంతా తెరిచిన బకెట్‌లో ఉంచి వాడండి. ఆర్‌ఓ యంత్రం నుంచి వృథాగా పోయే నీటిలో లవణాలు మరింత ఎక్కువ. అది ఇల్లు తుడవడానికి పనికొస్తుంది గానీ బంతికి పనికిరాదు. బోరు నీళ్ళు తప్ప వేరే దారి లేకపోతే బతికున్న నాచు ఆశ వదులుకుని కొబ్బరి పీచు చుట్టండి.

ఎరువు: వానాకాలం, చలికాలంలో నెలకొకసారి, ప్యాకెట్‌పై సూచించిన మోతాదులో నాలుగో వంతు ద్రవ ఎరువును ముంచే నీళ్ళలో కలపండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3. బంతి లోపలి వరకు తడిసిందని ఎలా గుర్తిస్తారు?
4. ఆర్‌ఓ వృథా నీటిని బంతికి ఎందుకు వాడకూడదు?

7.7 ప్రదర్శన

చోటు: తూర్పు వైపు బాల్కనీ మంచిది. ఉదయపు లేత ఎండ చాలు. పడమటి బాల్కనీ అయితే మార్చి నుంచి బంతిని లోపలికి తెచ్చుకోండి. ఎయిర్ కూలర్ ఉన్న గదిలో గాలికి తేమ ఉంటుంది. అయితే కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బరువు తరచుగా చూడాలి.

వేలాడదీయడం: పూర్వం మన ఇళ్ళలో పాలు, పెరుగు కుండలను ఉట్టిలో పెట్టేవారు. అలాంటి చిన్న ఉట్టి అల్లి అందులో బంతిని పెడితే అందంగా ఉంటుంది; ముంచడానికి తీయడమూ సులువు. కొక్కెం కంటి ఎత్తులో ఉంటే మంచిది. చేతికి అందని ఎత్తులో కడితే తూచడానికి బద్ధకిస్తారు. నడిచే దారిలో, స్విచ్‌బోర్డు పైన కట్టకండి.

పళ్ళెంలో పెట్టడం: మట్టి మూకుడులో గులకరాళ్ళు పరిచి, వాటి మధ్య కొద్దిగా నీళ్ళు పోసి, బంతిని రాళ్ళపై ఉంచండి. బంతి అడుగు నీటిలో నానకూడదు. ఆ నీటిని వారానికి రెండుసార్లయినా పారబోసి మూకుడును రుద్ది కడగండి. డెంగీ వ్యాపింపజేసే దోమ ఇంత కొద్ది నిలవ నీటిలో కూడా గుడ్లు పెడుతుంది.

మూడు బంతులను వేర్వేరు ఎత్తుల్లో కట్టి, వెనుక ఖాళీ గోడ ఉండేలా చూడండి. వెనుక సామాను ఎక్కువగా ఉంటే బంతి ఆకారం కనిపించదు.

7.8 సమస్యలు – నివారణ

• ఆకుల కొనలు గోధుమ రంగుకు మారడం: లవణాలు పేరుకున్నాయి. నీళ్ళు మార్చి, వాననీటిలో రెండుసార్లు ముంచండి.
• ఆకులు పసుపుబారి, బంతి బరువుగా ఉండటం: తడి ఎక్కువైంది. నాలుగో వంతు తగ్గే వరకు ముంచకండి.
• ఆకులు వాలి, బంతి తేలికగా ఉండటం: లోపల ఎండింది. బాగా ఎండిన బంతి మొదట నీటిపై తేలుతుంది. పైన చిన్న బరువు పెట్టి అరగంట ముంచండి.
• తెల్లటి బూజు: గాలి ఆడటం లేదు. చోటు మార్చండి.
• వేళ్ళు బయటకు రావడం: బంతి సరిపోవడం లేదు. వానాకాలంలో పెద్ద బంతి చేయండి.

7.9 సారాంశం

కొకెదమ కుండీ లేని మొక్క. అన్ని వైపులా గాలి తగలడం వల్ల కుండీకన్నా త్వరగా ఎండుతుంది. నాచు ఎండినా తిరిగి పచ్చబడుతుంది. మొక్క వేళ్ళకు ఆ శక్తి లేదు. అందువల్ల రంగును కాక బరువును చూసి నీళ్ళు పెట్టాలి, చల్లకుండా ముంచాలి. పెద్ద బంతి, నీడ కోరే మొక్క, చెరువు మట్టి, కొబ్బరి పీచు, లవణాలు తక్కువున్న నీరు – ఈ అయిదూ కుదిరితే మేడ్చల్ వేసవిని కూడా మీ బంతి దాటగలదు.

7.10 కృత్యం

ఒకే పరిమాణం గల రెండు బంతులు చేయండి. ఒకదానికి స్ఫాగ్నం, మరొకదానికి కొబ్బరి పీచు చుట్టండి. ఒకే రోజు ముంచి, ఒకే చోట ఉంచి, ఏడు రోజులు ఉదయం వాటి బరువులు నమోదు చేయండి. నాలుగో వంతు తగ్గడానికి దేనికి ఎక్కువ రోజులు పట్టింది? కారణాన్ని పది వాక్యాల్లో రాయండి. ఈలోగా ఆకులు వాలితే కృత్యాన్ని అక్కడితో ఆపి ముంచండి.

7.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. నాచు ఆకులతోనే నీరు పీల్చి పచ్చబడుతుంది. చల్లిన నీరు వేళ్ళ వరకు చేరకపోవచ్చు.
2. మట్టి పరిమాణంతో పోలిస్తే దాని ఉపరితలం ఎక్కువ.
3. ముంచినప్పుడు బుడగలు రావడం ఆగుతుంది.
4. అందులో లవణాలు ఎక్కువ; అవి నాచుపై పేరుకుంటాయి.

7.12 పదకోశం

బాష్పీభవనం: ద్రవం ఆవిరిగా మారడం.
మూలతంతువులు: నాచును ఆధారానికి పట్టి ఉంచే, వేళ్ళను పోలిన సన్నని పోగులు.
కఠిన జలం: కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉన్న నీరు.
కోకోపీట్: కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు.

7.13 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. కొకెదమ తయారీలో స్థానిక పదార్థాల వినియోగాన్ని వివరించండి.
2. పొడి వాతావరణంలో నాచు బంతి మొక్కల నీటి యాజమాన్యాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. బంతి, కుండీల ఉపరితలాలను పోల్చండి.
2. కొకెదమ ప్రదర్శనలో పాటించవలసిన జాగ్రత్తలు తెలపండి.
3. బండలపై ఉన్న నాచును ఎందుకు సేకరించకూడదు?