బాలింత గదిలో కుంపటా? జాగ్రత్త!

నాలుగేళ్ల క్రితం సంగతి. మా చెల్లెలు పురిటికి పుట్టింటికి వచ్చింది. మాది ఆదిలాబాద్. డిసెంబరు, జనవరిల్లో మా దగ్గర చలి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా! పాపకు అప్పటికి పన్నెండు రోజులు. బాలింతకు చలిగాలి సోకకూడదని అమ్మమ్మ కిటికీలు బిగించి, తలుపు కింది సందులో పాత చీర కుక్కింది. వాకిట్లో బొగ్గులు రాజేసి, పొగంతా పోయి నిప్పులు ఎర్రగా అయ్యాకే కుంపటి లోపల పెట్టింది. ‘‘పొగ లేదు కదా, ఏం గాదు బిడ్డా’’ అంది.

తెల్లవారుజామున చెల్లెలు తలనొప్పంటూ మూలిగింది. వికారం, కళ్లు తిరగడం. పక్కన పడుకున్న అమ్మకూ అదే బాధ. పసిది పాలకు కూడా లేవలేదు. నేను తలుపు తీసేసరికి చెల్లెలు లేవబోయి కూలబడింది. ముగ్గురినీ వసారాలోకి తెచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టారు. దేవుడి దయ, అందరూ క్షేమంగా ఇల్లు చేరారు.

‘‘పొగ వస్తే మీరే తలుపు తీసేవాళ్లు. కనబడకపోవడమే కొంప ముంచింది’’ అన్నారు డాక్టరమ్మ. ఎర్రటి బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో మెదడుకు, గుండెకు ప్రాణవాయువు అందదు. నిద్రలో ఉన్నవారికి మెలకువ రాకుండానే ప్రాణం పోవచ్చు. గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు, రక్తహీనత ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ.

అందుకే ఈ చలికాలం ఇవి గుర్తుంచుకోండి.

* మూసిన గదిలో కుంపటి వద్దు. నివురు కప్పినా విషవాయువు ఆగదు. పక్కన నీళ్ల గిన్నె పెట్టినా లాభం లేదు.

* సాంబ్రాణి వేసేటప్పుడు తలుపులు, కిటికీలు తెరవండి. కాగానే నిప్పులు బయట పెట్టేయండి.

* గ్యాస్ గీజరును స్నానాలగదిలో కాక, బయట గాలి ఆడేచోట బిగించుకోండి. ఏటా మెకానిక్‌తో చూపించండి.

* వెచ్చదనానికి స్వెట్టరు, రగ్గు చాలు. పసివాళ్లకు టోపీ, సాక్సులు, అన్నిటికన్నా తల్లి ఒంటి వేడి.

* ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వచ్చి, బయటికెళితే తగ్గుతోందా? అనుమానించండి. వెంటనే అందరూ ఆరుబయటికి వచ్చేసి 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సీమీటరులో అంకె బాగానే ఉందని ఊరుకోవద్దు. ఈ విషవాయువు విషయంలో అది తప్పు చూపవచ్చు.

మొన్న పక్కింటి అమ్మాయి పురిటికి వచ్చిందని తెలిసి మా అమ్మమ్మే కర్ర పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. ‘‘చలికి రగ్గు కప్పుండ్రి గానీ, కుంపటి మాత్రం వాకిట్లనే ఉంచుండ్రి’’ అని చెప్పి మరీ వచ్చింది. మీ ఇంట్లో బాలింత ఉంటే, ఈ రాత్రి పడుకునే ముందు మీరూ ఒకసారి ఆ గదిలోకి తొంగి చూడండి.