సాయంసంధ్య - ఎర్రమట్టి దిబ్బలు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలవారమైన మనము సూర్యాస్తమయము చూచుటకు దూరము పోనక్కరలేదు. హుస్సేన్‌సాగర్ తూర్పు గట్టే ట్యాంక్‌బండ్. అక్కడ నిలిచి పడమటికి చూచినచో సూర్యుడు నీటి కావల క్రుంకుట కనబడును.

విహారయాత్రకు విశాఖ తీరమునకు వెళ్ళినప్పుడు కూడ సూర్యుడు నీటిలోనే మునుగునని మనము ఆశింతుము. కాని బంగాళాఖాతము మనకు తూర్పున ఉన్నది. అక్కడ సూర్యుడు సముద్రముపై ఉదయించి, నేలవైపు అస్తమించును. కనుక సాయంసంధ్యను చూడగోరువారు సముద్రమునకు వీపు త్రిప్పి మెట్టపై నిలువవలెను. విశాఖపట్నము, భీమునిపట్నముల మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలు అట్టి మెట్టలు.

పేరునకు మట్టియే గాని అవి ఇసుక దిబ్బలు. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట, హిమయుగములో, సముద్రమట్టము నేటికన్న దాదాపు 120 మీటర్లు దిగువన ఉండెను. అట్లు బయటపడిన ఇసుకను గాలి గుట్టలుగా పోసెనని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. రేణువులకు ఇనుప ఆక్సైడు పూత పట్టుటచే ఎరుపు రంగు వచ్చినది. వాననీరు వానిని కోసి లోతైన గండ్లు చేసినది. 2025లో ఈ దిబ్బలు యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేరినవి.

ఇక్కడ ముఖ్యమైన ప్రమాదము చీకటి. క్రుంకు సూర్యుని కాంతి దట్టమైన గాలి పొరలగుండ వచ్చుటచే నీలము చెదరిపోయి ఎరుపు మిగులును. ఉర్దూలో దీనినే షఫఖ్ అందురు. అది మాసిన పిమ్మటనే ఇషా నమాజు వేళ ప్రారంభమగును. ఆ కాంతి ఆకాశమున సుమారు గంటసేపు నిలిచినను, కాలిబాట కనబడు వెలుగు మాత్రము 25 నిమిషములకు మించదు. పైన ఎరుపును చూచుచు మనము మైమరచియుండగా, క్రింద గండిలో అప్పటికే చీకటి పడును. అదియుగాక, హైదరాబాదు కన్న విశాఖలో సూర్యుడు సుమారు 20 నిమిషములు ముందే అస్తమించును. మన అలవాటు లెక్క అక్కడ పనికిరాదు.

కనుక మనము పాటింపవలసినవి ఇవి. ఎండ తగ్గిన తరువాతనే బయలుదేరవలెను. త్రాగునీరు, బూట్లు, టార్చిలైటు తప్పనిసరి. దిబ్బ అంచు గట్టిగా కనబడినను లోపల డొల్లగా ఉండవచ్చును. దానిపై నిలువరాదు, దాని క్రింద కూర్చుండరాదు. గండ్ల గోడలన్నియు ఒకే తీరున ఉండుటచే దారి తప్పుట సులభము. ఒంటరిగా దిగరాదు. వానలో అసలే పోరాదు. సూర్యబింబము మరుగుపడగనే తలలు లెక్కించుకొని తిరుగు దారి పట్టవలెను. చీకటిలో సముద్రస్నానము వలదు. దిబ్బలపై పేర్లు చెక్కుట, మట్టి తెచ్చుట కూడ తగదు. వేల యేండ్ల పనిని మన గోరు క్షణములో చెరుపగలదు.

యాత్రకు ముందు విద్యార్థులు ఒక సాయంకాలము డాబాపై వార్తాపత్రికతో కూర్చుండి, సూర్యుడు క్రుంకిన తరువాత అక్షరములు ఎన్ని నిమిషములు కనబడునో గడియారము చూచి గుర్తింపుడు. కమిటీవారు యాత్రా కార్యక్రమములో బస్సు సమయముతోపాటు ఆనాటి అస్తమయ సమయమును కూడ ముద్రింపవలెనని మా మనవి.