ఐతారం బడిల అర్థం ఏ భాషల చెప్పాలె?

మా గల్లీల ఐతారం పొద్దుగాల ఎనిమిదింటికి తెల్లటోపీలు, చిన్న చిన్న స్కార్ఫులు మస్జిద్ దిక్కు నడుస్తుంటయి. చేతుల సంచి, సంచిల అరబీ ఖాయిదా. గదే టైముకు ఎదురుంగ ఇంకో గుంపు పిల్లలు బైబిల్ పట్టుకొని చర్చికి పోతుంటరు. నడిమిట్ల కిరాణా దుకాణం కాడ రెండు గుంపులు కలుస్తయి, చాక్లెట్లు కొనుక్కుంటయి, మళ్ల ఎవరి దారి వాళ్లు పడ్తరు. మొన్న ఆ దుకాణపాయన నన్ను ఆపి మెల్లగ అడిగిండు: "అన్నా, ఏమనుకోకు గని, ఆడ లోపట పోరగాళ్లకు ఏం నేర్పుతరు?"

నాకు కోపం రాలే. అడగకుండ ఫోన్ల వచ్చిన వీడియోలు చూసి లోపల్లోపల అనుకునేటోళ్లకంటె, మొఖం మీద అడిగినోడు వెయ్యి రెట్లు నయం. ఆయనకు నిలబడి చెప్పిన ముచ్చటనే ఇక్కడ జర వివరంగ రాస్తున్న. ఆయనకు చెప్పనిది, మావోళ్లకే చెప్పాల్సింది కూడ కొంచెం ఉన్నది.

ముందుగాల ఒక గజిబిజి తీసెయ్యాలె. మదర్సా వేరు, మక్తబ్ వేరు. మదర్సా అంటె పిల్లగాడు చాన మటుకు ఆడనే ఉండి, ఆడనే తిని, ఏండ్లకేండ్లు చదివి హాఫిజో ఆలిమో అయ్యే జాగ. మక్తబ్ అంటె మామూలు బడికి పోయే పిల్లలకు గంట సేపో రెండు గంటలో దీన్ సంగతులు చెప్పే చోటు. 2006ల వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు ఈ ఫరక్‌ను గట్టిగనే చెప్పింది. బడి ఈడు ముస్లిం పిల్లలల్ల మదర్సాల చదివేటోళ్లు నూటికి ముగ్గురో నలుగురో. మిగిలినోళ్లంత అందరి పిల్లల లెక్కనే సర్కారు బడికో ప్రైవేటు బడికో పోతరు, లేకుంటె బడి మానేసి మెకానిక్ షెడ్డుల చేరుతరు. టీవీల చర్చ పెట్టేటోళ్లకు ఆ నలుగురే కనిపిస్తరు. షెడ్డుల పానాలు పట్టుకున్నోడు కనిపియ్యడు.

మరి ఐతారమే ఎందుకు? మా చిన్నప్పుడు మక్తబ్ రోజూ ఉండేది. ఫజర్ నమాజ్ అయినంక కండ్లు నలుపుకుంట పోయేది, గంట చదివి, ఇంటికొచ్చి సద్దన్నం తిని బడికి పోయేది. ఇప్పుడు ఏడింటికే స్కూలు బస్సు హారన్ కొడ్తది. సాయంత్రం ట్యూషన్. ఇగ 2016 నుంచి తెలంగాణల మైనారిటీ గురుకులాలు వచ్చినయి, మొత్తం 204. ఆడ చదివే పిల్లలు ఇంటికొచ్చేదే సెలవులకు. రోజూ నడిచే మక్తబ్ అట్ల అట్ల ఐతారం మీదికి వచ్చి పడ్డది.

బడిల్నే ఎందుకు చెప్పరు అని కూడ అడిగిండు దుకాణపాయన. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగ సర్కారు పైసల మీద నడిచే బడిల ఏ మతబోధనా చెయ్యొద్దు. ఇది మంచి చట్టం, నేను దీని పక్కనే ఉంట. కాబట్టి ఎవరి ధర్మం వాళ్లు బడి బయట, సొంత ఖర్చుతోని చెప్పుకోవాలె. అసలు ఐతారం బడి అనేదే సెలవు దొరకనోళ్ల కోసం పుట్టింది. 1780ల ఇంగ్లండుల గ్లోస్టర్ అనే ఊర్ల రాబర్ట్ రైక్స్ అనే ఆయన, వారమంత పనిల ఉండే పేద పిల్లలకు చదువు నేర్పేతందుకు ఐతారం బడి పెట్టిచ్చిండు. ఇప్పుడు మన పిల్లలకు వారమంత ఫ్యాక్టరీ లేదు గని, ఐఐటీ ఫౌండేషన్ ఉన్నది.

ఇగ లోపట నేర్పేది. మొదలు ఖాయిదా. అలిఫ్, బే, తే అని అక్షరాలు, తర్వాత జేర్ జబర్ పేష్ అని స్వరాల గుర్తులు, ఆ మీద అక్షరాలు కలుపుడు. మన గుణింతం లెక్కనే. అది అయినంక అమ్మ పారా, అంటె ఖురాన్‌ల ఉన్న 30 భాగాలల్ల ఆఖరిది. చిన్న చిన్న సూరాలన్ని అండ్ల ఉంటయి, నమాజుల చదివేటందుకు అవ్వే పనికొస్తయి. వజూ ఎట్ల చెయ్యాలె, అన్నం ముందట ఏం చదవాలె, అమ్మానాయినలతోని ఎట్ల మాట్లాడాలె, ప్రవక్త జీవితం కొంచెం. గంతే. బాంబులు గింబులు ఏం లేవు, దుకాణపాయన నవ్విండు, నేనూ నవ్విన. నవ్వుకునే మాట కాదని ఇద్దరికీ ఎరుకే.

ఇక్కడి దాక బయటోళ్ల కోసం. ఇగ ఇంటోళ్ల ముచ్చట.

ఈ బడిల రెండు పనులున్నయి. ఒకటి చదువుడు, రెండోది తెలుసుకునుడు. చదువుడు అరబీలనే కావాలె, దాంట్ల నాకు వేరే మాట లేదు. తెలుగు అక్షరాలల్ల సూరాలు అచ్చేసిన పుస్తకాలు దొరుకుతున్నయి, పెద్దమనుషులకు అవ్వి ఆసరా. పిల్లలకు వాటి మీద అలవాటు చెయ్యొద్దు. అరబీల జే, జాల్, జాద్, జోయ్ అని నాలుగు అక్షరాలుంటె మన తెలుగుల నాలిగింటికీ ఒక్క 'జ'నే. గొంతు లోపట్నుంచి పలికే 'ఖాఫ్'కు, మామూలు 'కాఫ్'కు తేడా పోతె ఏమైతది? ఒకటి గుండె, ఇంకోటి కుక్క. ఒక్క అక్షరం కాడ ఇంత తేడా వస్తది. నాలుక చిన్నప్పుడే తిరుగుతది, గందుకే అక్షరం అరబీదే పట్టాలె.

తెలుసుకునుడు మాత్రం పిల్లకు వచ్చిన భాషలనే జరగాలె. మా దిక్కు జరుగుతున్నది ఏందంటె, అరబీ సూరాకు ఉర్దూల అర్థం చెప్తున్నరు. ఉర్దూ మీద నాకు కోపం లేదు. మా అమ్మ జోలపాట దక్కనీలనే పాడింది. హైదరాబాద్ పాతబస్తిల అది ఇంటి భాష, ఆడ దాంట్లనే చెప్పాలె. 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష కూడ. గని జిల్లాల పిల్లలు ఇంట్ల దక్కనీ మాట్లాడుతరు, బడిల తెలుగో ఇంగ్లీషో చదువుతరు. తక్రీర్ల వచ్చే బరువైన ఉర్దూ వాళ్లకు అంటదు, ఉర్దూ రాత అసలే రాదు. ఇగ దూదేకులోళ్లను చూడుండ్రి. తరతరాల నుంచి ఇంట్ల తెలుగే. ఆ పిల్లకు అరబీ ఒక గోడ, ఆ గోడ దాటనీకె ఉర్దూ ఇంకో గోడ. 'నీకు ఉర్దూ రాదా, నువ్వేం ముస్లింవి' అని ఎక్కిరిస్తె ఆ పిల్ల రెండో ఐతారం రాదు. రాలేదు కూడ. ఒక అమ్మాయి సంగతి నాకు తెల్సు.

సూరా మాఊన్ తీసుకోండ్రి. ఏడే వాక్యాలు. మా గల్లీల ఆరేండ్ల పిల్లలు గడగడ చదివేస్తరు. అండ్ల ఏమున్నదని అడిగిన ఒకపారి. ఒక్కరు చెప్పలే. పెద్దోళ్లు కూడ దిక్కులు చూసిండ్రు. అండ్ల ఉన్నది అనాథను గెదిమేటోని గురించి, లేనోనికి తిండి పెట్టమని నోరు తెరిచి చెప్పనోని గురించి, నలుగురు చూడాలని నమాజు చేసేటోని గురించి, పక్కింటోళ్లకు చిన్న సామాను కూడ బదులియ్యనోని గురించి. మాఊన్ అంటె ఏందో చెప్పేటప్పుడు పాతకాలం పండితులు బొక్కెన, గిన్నె, గొడ్డలి అని లెక్క చెప్పిండ్రు. మా గల్లీల పక్కిల్లు అంటె ఎవరిల్లు? ఒకదిక్కు యాదవులది, ఒకదిక్కు మాదిగలది, ఎనకాల పాస్టరు గారిది. బొక్కెన అడగనీకె వచ్చేది వాళ్లే, మేం పోయేది వాళ్లింటికే. ఈ సంగతి తెలుగుల చెప్తె పిల్లకు అక్కడికక్కడ ఎక్కుతది. చెప్పకపోతె ఆ ఏడు వాక్యాలు జీవితమంత నోట్లనే ఉంటయి.

చెప్పేటాయన ఎవరన్నది ఇంకో చిక్కు. మా మస్జిద్ హాఫిజ్ సాబ్ బీహార్ మనిషి. ఇసొంటోళ్లు మన జిల్లాలల్ల మస్తుమంది ఉన్నరు. కమిటీ చందాల మీద ఇచ్చే జీతం తక్కువ, ఇక్కడి పిల్లగాండ్లు ఆ జీతానికి రారు, దూరమోళ్లు వస్తరు. ఆయన గొంతు మంచిది, మనసు మంచిది. గని బతుకమ్మ అంటె ఏందో, బోనం అంటె ఏందో తెల్వదు. పిల్లలేమో అవ్వే అడుగుతరు. బతుకమ్మ కాడ చప్పట్లు కొట్టొచ్చా? దోస్తు ఇంట్ల ప్రసాదం పెడ్తె ఏం చెయ్యాలె? పీర్ల పండుగకు తాతోళ్ల ఊరికి పోవచ్చా? ఆఖరి ప్రశ్నకైతె ముస్లింలల్లనే ఇంటికొక జవాబు ఉన్నది. నేను ఫత్వా ఇచ్చేటోన్ని కాదు. అయితె ప్రసాదం తినకపోవుడు వేరు, తిన్నోన్ని చిన్నచూపు చూసుడు వేరు. ఈ తేడా పిల్లకు నొచ్చకుండ చెప్పాలంటె ఈ ఊరు తెల్వాలె. తెల్వనాయన 'హరామ్' అని ఒక్క ముక్కల తేలుస్తడు. సోమవారం బడిల పక్క బెంచీ పిల్ల డబ్బా తెరిచినప్పుడు ఆ ముక్క పనిచేస్తది.

తెలుగుల చెప్తె దీన్ పల్చనైతదని కొందరు పెద్దలు భయపడ్తరు. అమెరికల చికాగో, డల్లస్ దిక్కు పోయిన మన హైదరాబాదోళ్లు పిల్లల్ని సండే స్కూలుకు తోలుతరు. ఆడ అరబ్బులు, పాకిస్తానోళ్లు, బంగ్లాదేశోళ్లు, సోమాలియోళ్లు, నల్లజాతి ముస్లింల పిల్లలు ఒక్క తరగతిల కూసుంటరు, అందరికీ కలిసే భాష ఇంగ్లీషు, పాఠం దాంట్లనే. డల్లస్‌ల ఇంగ్లీషుల చెప్పొచ్చు గని సూర్యాపేటల తెలుగుల చెప్పొద్దా? పుస్తకాలు లేవా అంటె ఉన్నయి. ఖురాన్‌ను మొట్టమొదలు తెలుగుల పెట్టిందే చిలుకూరి నారాయణరావు, బ్రాహ్మణ పండితుడు. తర్వాత ముస్లింలు చేసిన అనువాదాలు కూడ వచ్చినయి, 'గీటురాయి' లాంటి పత్రిక ఏండ్లకొద్ది తెలుగులనే నడుస్తున్నది.

ఇంకో రెండు మాటలు చెప్పాలె, కొందరికి నచ్చయి. బెత్తం పక్కన పెట్టాలె. మా ఈడోళ్లం దెబ్బలు తిని నేర్చుకున్నం, చానమంది దెబ్బలకే మానేసిండ్రు. తలుపులు తెరిచి పాఠం చెప్పాలె, ఏ తల్లి అయిన వచ్చి ఎనకాల కూసునేటట్టు ఉండాలె. ఆడపిల్లలకు పదేండ్లు దాటంగనే ఆపేస్తున్నరు, మస్జిద్‌ల జాగ లేదని. జాగ లేకుంటె ఎవరింట్ల వసారల నడిస్తె ఏమైతది? డిగ్రీ చదివి ఇంట్ల కూసున్న మన ఆడపిల్లలు పంతులమ్మలు కాలేరా?

కమిటీ మీటింగుల ఈ తెలుగు సంగతి లేవట్టిన. కొట్లాట కాలే గని గొణుగుడు అయింది. ఆఖరికి హాఫిజ్ సాబే లేచి, "ముజే భీ సిఖావ్ నా" అన్నడు. బజార్ల పెద్దబాలశిక్ష ఒకటి కొని ఇచ్చిన. ఇప్పుడు ఐతారం పాఠం అయినంక ఆఖరి పది నిమిషాలు పిల్లలు ఆయనకు చెప్తున్నరు. 'ళ' కాడ ఆగిండు. మూడు వారాల నుంచి పలుకుత లేదు, పిల్లలు ఇడిసిపెడ్త లేరు.